మలేషియా అడవులలో కోతులు, గిబ్బన్లు

తెలుగులో మనకు కోతి అనే మాట ఉన్నది, కొండముచ్చు అనే మాట ఉన్నది. ఉర్దూలో బందర్, లంగూర్ అనే రెండు మాటలున్నవి. మన ఊళ్ల దగ్గర తిరిగే ప్రాణులకు ఈ రెండేసి మాటలు చాలినవి గనుక మన పెద్దలు మూడవ మాట కొరకు వెతకలేదు. దేవాంగపిల్లి కూడ ఈ వంశమునకు దూరపు చుట్టమే గాని, దానిని పిల్లి అని పిలిచి ఊరుకున్నాము. బంగాళాఖాతమునకు ఆవల ఉన్న మలయా దేశస్థులకు మాత్రము రెండు మాటలు చాలలేదు. మడ అడవులలో పీతలను ఏరుకొని తినే పొడవు తోక కోతిని వారు 'కెరా' అంటారు. పందితోక వలె పొట్టిగా వంకర తిరిగిన తోక గల బలిష్ఠమైన కోతి 'బెరుక్'. ఆకులు మేసి బ్రతికే కొండముచ్చు జాతులన్నియు 'లోతోంగ్'. తోక లేకుండ, పొడవైన చేతులతో చెట్ల శిఖరాలలో ఊగుతూ పోయే గిబ్బన్ 'ఉంకా'. గిబ్బన్లలో కెల్ల పెద్దది, నల్లనిది, గొంతు క్రింది తిత్తిని ఉబ్బించి అడవి అదరునట్లు అరిచేది 'సియామాంగ్'. ఇవి ఒకే కోతికి పెట్టిన అయిదు ముద్దుపేర్లు కావు. అయిదు వేర్వేరు బ్రతుకు తెరువుల పేర్లు. ఏ ప్రాణి ఎట్లు కదులుతుంది, ఏమి తింటుంది అనే దానిని బట్టియే, అడవిని నరికినప్పుడు ఏది మిగులుతుంది, ఏది నశిస్తుంది అన్నది తేలిపోతున్నది. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ముఖ్యముగా ఇదే.

మలేషియా మనకు బొత్తిగా పరాయి దేశము కాదు. ఆంగ్లేయుల పాలనలో విశాఖపట్నము, శ్రీకాకుళము ప్రాంతముల నుండి ఎందరో తెలుగువారు కూలీలుగా ఓడలెక్కి అక్కడి రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు పోయినారు. వారి మునిమనుమలు నేటికిని అక్కడ ఉన్నారు. కోతిని చూచి మనిషి చెప్పుకొనే సామెతలు కూడ రెండు చోట్ల ఇంచుమించు ఒకటే. విలువ తెలియని వాని చేతిలో మంచి వస్తువు పడితే మలయా వారు 'కెరాకు పువ్వు దొరికినట్లు' అంటారు. ఉర్దూలో 'బందర్ క్యా జానే అద్రక్ కా సవాద్' అంటారు. మనము 'కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్లు' అంటాము. నిలకడ లేని వానిని మనము కల్లు త్రాగిన కోతితో పోల్చితే, వారు ఒంటికి 'బెలాచాన్', అనగా పులియబెట్టిన రొయ్యల ముద్ద, అంటిన కోతితో పోల్చుతారు. ఈ సామెతలన్నియు ఊరికి దగ్గరగా మసలే కోతి మీద పుట్టినవి. గిబ్బన్ సంగతి వేరు. అది మనిషి కంట పడేది తక్కువ, చెవిన పడేది ఎక్కువ.

గిబ్బన్‌ను 'తోకలేని కోతి' అని వ్రాయుట కద్దు. ఈ మాట మాకు నచ్చదు. తోక లేకపోవడము పైకి కనబడే గుర్తు మాత్రమే. అసలు భేదము భుజములో ఉన్నది. కోతి నాలుగు కాళ్లతో కొమ్మ మీద పరుగెత్తే జంతువు. దాని రొమ్ము కుక్క రొమ్ము వలె ఇరుకుగా, లోతుగా ఉంటుంది. భుజపుటెముకలు ప్రక్కలకు ఉంటవి. అందుచేత దాని ముందరి కాళ్లు ముందు వెనుకలకు బాగుగా ఆడుతవి గాని, తల చుట్టు గుండ్రముగా తిరుగవు. గిబ్బన్ రొమ్ము మన రొమ్ము వలె వెడల్పుగా ఉంటుంది. భుజపుటెముకలు వీపు మీద ఉంటవి. చేయి ఏ వైపుకైనను తిరుగుతుంది. క్రిక్కిరిసిన బస్సులో పై కడ్డీ పట్టుకొని వ్రేలాడుతూ కళాశాలకు వచ్చే మన విద్యార్థి వాడుకొనేది ఇటువంటి భుజమునే. గొరిల్లా, చింపాంజీ, ఒరాంగుటాన్, మనిషి, గిబ్బన్ ఒక కొమ్మలోనివి. కోతులు, కొండముచ్చులు మరియొక కొమ్మలోనివి. ఈ తోకలేని వర్గమునకు 'వానరము' అనే పాత మాటను కేటాయించవచ్చునేమో అని మాకు తోచినది. కాని వానరమనగానే తెలుగువాని మనస్సులో ముందుగా మెదిలేది తోకయే! అందుచేత గిబ్బన్ అనే మాటనే ఉంచినాము.

గిబ్బన్ జాతులు ప్రపంచములో ఇరువది వరకు కలవు. అన్నియు ఆసియాలోనే, అస్సాము, బంగ్లాదేశ్ మొదలు ఇండోనేషియా వరకు వ్యాపించి ఉన్నవి. మలయా ద్వీపకల్పములో మూడు ఉన్నవి: తెల్లచేతుల గిబ్బన్, నల్లచేతుల గిబ్బన్, సియామాంగ్. సముద్రమునకు ఆవల బోర్నియో ద్వీపములోని సబా, సారవాక్ రాష్ట్రాలలో బూడిదరంగు గిబ్బన్లు ఉన్నవి. తెల్లచేతులది అయిదారు కిలోల ప్రాణి. సియామాంగ్ దానికి రెట్టింపు, పది పన్నెండు కిలోలు తూగుతుంది. దాని కాలి వ్రేళ్లలో రెండు, మూడవ వ్రేళ్లను కలుపుతూ చర్మపు పొర ఉంటుంది.

ఈ ప్రాణి నడకను నడక అనుటకు వీలు లేదు. ఒక చేతితో కొమ్మను పట్టుకొని, దేహమును గడియారపు లోలకము వలె ఊపి, ఆ ఊపులోనే రెండవ చేతితో ముందు కొమ్మను అందుకొంటుంది. వేగము హెచ్చినప్పుడు రెండు పట్టుల నడుమ చేతిలో ఏ కొమ్మయు ఉండదు. గాలిలో తేలి పోతుంది. ఎనిమిది పది మీటర్ల ఎడమును కూడ దాటగలదు. చేతి వ్రేళ్లు పొడవై కొక్కెము వలె వంగి ఉంటవి. బొటనవ్రేలు పట్టుకు అడ్డము రాకుండ మణికట్టు దగ్గరకు దిగి ఉంటుంది. మణికట్టు కీలు బంతి, గిన్నె వలె అమరినందున, పట్టుకొన్న చేయి కదలకుండ దేహమంతయు దాని క్రింద తిరుగగలదు. పండ్లు కొమ్మల చివరలలో ఉంటవి. చివరి కొమ్మ మీద నిలబడితే అది వంగిపోతుంది. దాని క్రింద వ్రేలాడితే బరువు సరిపడుతుంది. కోతులు చేరలేని పండ్లను గిబ్బన్ చేరుట ఇందువలననే.

అయితే ఇంతటి నేర్పు కూడ ఊరక రాలేదు. పొరుగున ఉన్న థాయిలాండులో 1937లో ఒక అమెరికా పరిశోధక బృందము గిబ్బన్లను పరిశీలించినది. ఆ కాలపు పద్ధతి ప్రకారము చూచుటతో ఆగక వందల కొలది గిబ్బన్లను కాల్చి ఎముకలు సేకరించినారు. దానిని మేము సమర్థింపము. కాని ఆ ఎముకలను పరీక్షించిన అడాల్ఫ్ షుల్ట్స్ కనుగొన్న విషయము విలువైనది. పెరిగిన గిబ్బన్లలో సుమారు మూడవ వంతు వానికి ఎప్పుడో విరిగి మరల అతుకుకొన్న ఎముకలు ఉన్నవి. అనగా అడవిలో పుట్టి పెరిగిన గిబ్బన్ కూడ పట్టు తప్పి పడుతుంది, కొమ్మ విరిగి పడుతుంది. చెట్లు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడే పరిస్థితి ఇది. చెట్ల నడుమ ఎడము పెరిగినకొలది ఏమగునో ఊహించుకొనవచ్చును.

గిబ్బన్‌కు ఈత రాదు. నేలకు దిగుట మిక్కిలి అరుదు. ఆకుల పందిరి ఎక్కడ ఆగితే దాని లోకము అక్కడ ఆగుతుంది. ఇందుకు మలయా భూగోళములోనే చక్కని సాక్ష్యము కలదు. ద్వీపకల్పపు వాయవ్య భాగములో మూడా అనే నది ఉన్నది, దానికి దక్షిణమున పెరాక్ నది ఉన్నది. ఈ రెండు నదుల నడుమ ఉండేది నల్లచేతుల గిబ్బన్. మూడా నదికి ఉత్తరమున, పెరాక్ నదికి ఆవల దక్షిణమున ఉండేవి తెల్లచేతులవి. ఒకే అడవి, ఒకే వాన, ఒకే పండ్లు. నడుమ నీరు మాత్రమే హద్దు. నదులు సన్నగిలి, ఇరు ఒడ్డుల కొమ్మలు కలుసుకొనే ఎగువ ప్రాంతములో రెండు జాతులకు కలిసి పుట్టిన సంకర సంతానము కనబడుతుంది. నది వెడల్పు ఒక జాతి చరిత్రను వ్రాసినదనుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము మాకు తెలియదు.

సియామాంగ్ సంసారమును గురించి లోకమునకు వివరముగా తెలిపిన వాడు డేవిడ్ చివర్స్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు. 1968 నుండి పహాంగ్ రాష్ట్రములోని కువాలా లోంపాట్ దగ్గర, క్రావు అభయారణ్యములో, ఆయన తెల్లవారక ముందే చెట్ల క్రిందికి చేరి, సాయంకాలము వరకు ఒక్క కుటుంబము వెంటనే తిరిగినాడు. ఆయన గ్రంథము 1974లో వెలువడినది. తల్లి, తండ్రి, రెండు మూడు పిల్లలు - ఇదియే కుటుంబము. తమ అడవి భాగమును తాము కాచుకొంటారు. పిల్లకు మొదటి ఏడు తల్లి పొట్టయే ఇల్లు. రెండవ ఏట పగటిపూట దానిని మోసే భారము తండ్రి తీసుకొంటాడు. వానరలోకములో ఇటువంటి తండ్రులు అరుదు. సియామాంగ్, తెల్లచేతుల గిబ్బన్ ఒకే అడవిలో కలిసి బ్రతుకుట కూడ ఆయన గమనించిన విశేషమే. పెద్దది ఆకులు ఎక్కువగా తిని కొద్ది దూరము తిరుగుతుంది. చిన్నది పండిన పండ్లనే వెతుకుతూ రోజుకు దానికంటె ఎక్కువ దూరము పోతుంది. అత్తి జాతి పండ్లు రెండింటికిని ప్రాణాధారము. ఆ గింజలను అడవి అంతట చల్లేది కూడ వీనివంటి ప్రాణులే.

ప్రొద్దుటి పూట ఆలుమగలు కలిసి పాడుట గిబ్బన్ల ప్రత్యేకత. దానిని మేము పాట అన్నది అలంకారము కొరకు కాదు. అందులో వరుస ఉన్నది, వంతు ఉన్నది, ఎత్తుగడ ఉన్నది, ముగింపు ఉన్నది. ఆడుది సన్నగా మొదలుపెట్టి, స్వరమును పెంచుతూ పెంచుతూ శిఖరమునకు తీసుకొని పోతుంది. అది ముగిసిన వెంటనే మగది తన ముక్తాయింపు చేర్చుతుంది. సియామాంగ్ జంట ఉబ్బించిన గొంతుతిత్తితో చేసే ధ్వని కిలోమీటర్ల దూరము వినబడుతుంది. ఈ స్థలము మాది, మేమిద్దరము ఇక్కడ ఉన్నాము అని పొరుగు కుటుంబములకు తెలుపుట దీని ప్రయోజనములలో ఒకటి. ఈ పాట గురువు నేర్పగా వచ్చినది కాదు. సంకర సంతానపు గొంతులో రెండు జాతుల పాటకు నడుమ నుండే పాట వినబడుటను బట్టి, అది రక్తములోనే వచ్చునని శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు.

ఇక లోతోంగ్‌ల విషయము. మన కొండముచ్చు వలెనే వీని కడుపు అనేక గదులుగా ఉండి, అందులోని సూక్ష్మజీవులు ఆకులను పులియబెట్టి జీర్ణము చేస్తవి. కళ్ల చుట్టు తెల్లని వలయములు గల లోతోంగ్‌కు పిల్ల పుట్టినప్పుడు ఒళ్లంతయు బంగారు రంగులో ఉంటుంది. కొన్ని నెలలకు గాని తల్లి రంగు రాదు. బోర్నియో నదుల ఒడ్డున ఉండే పెద్దముక్కు కోతియు ఈ కుటుంబములోనిదే. మగదాని ముక్కు నోటి మీదుగా వ్రేలాడుతుంది, పొట్ట కుండ వలె ఉంటుంది. దానిని 'హాలండు కోతి' అని అక్కడివారు పిలిచినారు. వలస ప్రభువుల మీద ఇంతకంటె సున్నితమైన ఎత్తిపొడుపు ఉండదు. ఇది ఒకసారి మ్రింగిన ఆకును మరల నోటికి తెచ్చుకొని ఆవు వలె నెమరువేయుటను 2011లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. కాలి వ్రేళ్ల నడుమ పొర ఉండుటచేత ఇది మంచి ఈతగత్తె. మొసళ్లున్న నదిలోనికి కూడ కొమ్మ మీద నుండి దూకి ఆవలి ఒడ్డునకు చేరుతుంది. గిబ్బన్‌కు సరిహద్దు అయిన నీరు దీనికి బాట.

కెరా అన్నింటికంటె లౌక్యము తెలిసినది. ఈదుతుంది, నేల మీద నడుస్తుంది, పీత, పండు, చిగురు, చెత్తకుండీలోని అన్నము - దేనిని కాదనదు. దవడ సంచులలో కుక్కుకొని పోయి తీరికగా తింటుంది. అడవిని నరికి తోట వేస్తే తోట అంచున ఉంటుంది. తోట తీసి ఊరు కడితే ఊరి గోడ మీద ఉంటుంది. అందుచేత జనులు దీనిని బెడదగా భావిస్తారు. తెలంగాణ పల్లెలలో కోతులకు జడిసి కూరగాయలు, వేరుసెనగ వేయుట మానుకొన్న రైతులకు ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు. కాని కంటికి నిత్యము కనబడుట వేరు, క్షేమముగా ఉండుట వేరు. 1978లో మన దేశము రీసస్ కోతుల ఎగుమతిని నిలిపివేసిన తరువాత ప్రపంచ ప్రయోగశాలల చూపు ఈ పొడవు తోక కోతి మీద మరింతగా పడినది. 2022లో దీనిని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము ప్రమాదములో ఉన్న జాతుల జాబితాలో చేర్చినది.

కెరా అడవి అంచునకు వచ్చినప్పుడు ఒంటరిగా రాదు. 1932లో కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలలో నోల్స్, బిరాజ్ మోహన్ దాస్‌గుప్తా అనే వైద్యులు, సింగపూరు నుండి వచ్చిన ఒక పొడవు తోక కోతి రక్తములో కొత్త మలేరియా క్రిమిని పరిశోధించినారు. దానికి నోల్స్ పేరే స్థిరపడినది. చాల కాలము అది కోతుల జబ్బుగానే ఉన్నది. 1965లో పహాంగ్ అడవి నుండి తిరిగి వచ్చిన ఒక అమెరికా దేశస్థునిలో, ప్రకృతి సిద్ధముగా మనిషికి సోకినట్లు మొదటిసారి కనబడినది. 2004లో సారవాక్ శాస్త్రజ్ఞులు కాపిట్ ప్రాంతములో పరిశీలించగా, అంతకుముందు వేరొక మలేరియాగా వైద్యులు భావించిన కేసులలో చాల భాగము ఇదేనని తేలినది. ఈ క్రిమి ఇరువదినాలుగు గంటలకొకసారి రక్తములో వృద్ధి పొందుతుంది గనుక జ్వరము త్వరగా ముదురుతుంది. మనిషి నుండి మనిషికి ప్రాకే మలేరియాను మలేషియా దాదాపు తరిమివేసినది. 2018 నుండి ఆ దేశములో స్థానికముగా అట్టి కేసులు లేవు. కోతి మలేరియా మాత్రము నిలిచి ఉన్నది. అడవి, తోట, ఇల్లు ఒకదానికొకటి ఆనుకొన్న చోట కోతిని కుట్టిన దోమయే కూలివానిని కుడుతున్నది. మందు చల్లి ఇంటిలోని దోమను చంపవచ్చును. అడవి అంచును ఏ మందుతో శుద్ధి చేయగలము?

బెరుక్ కథ మరింత ఆసక్తికరము. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్లు అని మనము నవ్వుకొంటాము. కెలాంతాన్ రాష్ట్రములో కోతియే కొబ్బరికాయ కోసి మనిషికి ఇస్తుంది. పొడవైన త్రాడు మెడకు కట్టి యజమాని క్రింద నిలబడితే, బెరుక్ చెట్టెక్కి ముదిరిన కాయను రెండు చేతులతో తొడిమ తెగేవరకు గిరగిర త్రిప్పి క్రింద పడవేస్తుంది. ఒక మంచి మగ బెరుక్ దినమునకు కొన్ని వందల కాయలు దింపగలదు. సింగపూరు వృక్షోద్యానములో పని చేసిన కార్నర్ అనే శాస్త్రజ్ఞుడు 1930ల చివరి భాగములో ఇట్టి కోతులకు శిక్షణ ఇప్పించి, మనిషి ఎక్కలేని మహావృక్షముల పై నుండి పూలు, కాయలు, ఆకులు తెప్పించుకొన్నాడు. వృక్షశాస్త్రమునకు కోతి గుమాస్తాగా పని చేసిన చోటు లోకములో మరెక్కడైనను ఉన్నదో లేదో! 2020లో థాయిలాండు కొబ్బరి తోటలలో కోతులను గొలుసులతో బంధించి హింసిస్తున్నారని జంతు సంరక్షకులు ఆరోపించగా, ఇంగ్లండులోని పెద్ద దుకాణములు కొన్ని ఆ సరుకును తీసివేసినవి. యజమాని, బెరుక్ ఒకే పళ్లెములోని అన్నము తినే ఇండ్లు ఉండవచ్చును. గొలుసుతో గోడకు కట్టివేసే ఇండ్లు ఉండవచ్చును. అయితే ఏ ఇంటిలోనైనను, తల్లి నుండి వేరు చేసి పిల్లను పట్టుకొనుటతోనే ఈ కొలువు మొదలవుట కద్దు. ఆ భాగమును మెచ్చుకొనుటకు మాకు మనస్కరించదు.

కొబ్బరి తరువాత వచ్చినది నూనె తాటి. 1917లో సెలాంగోర్‌లో వాణిజ్య దృష్టితో మొదటి తోట వేసినారు. నేడు ఆ దేశములో యాభై లక్షల హెక్టార్లకు మించి ఈ చెట్టే ఉన్నది. మన వంటింటి పామాయిలులో ఎక్కువ భాగము ఇండోనేషియా, మలేషియాల నుండియే వస్తున్నది. ఈ తోటలలో బెరుక్ గుంపులు కాయలు తింటున్నవని యజమానులు వానిని కాల్చుట, పట్టుట పరిపాటి. పెరాక్ తీరములోని సెగారి అడవి దగ్గర మలేషియా, జర్మనీ పరిశోధకులు లెక్క తీసి 2019లో ప్రకటించిన ఫలితము అందరిని ఆశ్చర్యపరచినది. బెరుక్‌లు తినే కాయలు పంటలో నూటికి ఒకటి కూడ లేవు. ఎలుకలు తినేవి నూటికి పది వరకు. బెరుక్‌లు తాటి మట్టల సందులలో దాగిన ఎలుకలను లాగి తింటున్నవి. ఒక గుంపు ఏడాదికి మూడువేలకు పైగా ఎలుకలను చంపుతున్నదని అంచనా. దొంగ అని తరిమినది కావలివాడని తేలినది! అయితే బెరుక్ తోటలో తిరుగుటకు ప్రక్కనే అడవి ఉండవలెను. రాత్రి నిద్రకు, మిగిలిన ఆహారమునకు అది అడవికే పోతుంది.

మరి ఉంకా? నూనె తాటి తోటలో ఉంకా లేదు. చెట్లు వరుసలలో ఉంటవి, కొమ్మలుండవు, పట్టుకొన వీలైన పండ్ల తీగలుండవు. కోతి నేలకు దిగి దాటే ఎడమును ఉంకా దాటలేదు. గెరిక్ నుండి జెలి వరకు అడవిని చీల్చుకొని పోయే తూర్పు పడమర రహదారి 1982లో ప్రారంభమైనది. అటువంటి వెడల్పైన దారి ఉంకాకు మూడా, పెరాక్ నదుల వంటి మరియొక నది. ఆ నదులు వేల ఏండ్లలో చేసిన పనిని మనము ఒక్క ఋతువులో చేయగలుగుతున్నాము. ఇరుపక్కల చిక్కిన కుటుంబములు నేడే చావవు. వాని పిల్లలు పెరిగి జోడు వెతుకుకొనే వేళ తెలుస్తుంది. గిబ్బన్ ఆరు నుండి ఎనిమిదేండ్లకు గాని పెద్దది కాదు. తరువాత రెండు మూడేండ్లకొక కాన్పు, కాన్పునకొక పిల్ల. అప్పటికి చుట్టాలు తప్ప జోడు కాగలవారు ఆ ముక్క అడవిలో ఉండరు.

దీనికి ఉపాయము లేకపోలేదు. పినాంగ్ ద్వీపములో లోతోంగ్‌లు రోడ్డు దాటుతూ వాహనముల క్రింద పడుటను చూచి, యాప్ జో లీన్ అనే యువ పరిశోధకురాలు నడిపే లంగూర్ ప్రాజెక్ట్ పినాంగ్ వారు 2019లో తెలుక్ బహాంగ్ దగ్గర రోడ్డు పై ఒక వంతెన కట్టినారు. దానికి వాడినది అగ్నిమాపక శాఖ వాడి పారవేసిన నీటి గొట్టములు! ఈ చెట్టు నుండి ఆ చెట్టునకు సాగదీసి బిగించిన ఆ గొట్టముల మీదుగా లోతోంగ్‌లు, కెరాలు, ఉడుతలు దాటుతున్నవి. గిబ్బన్‌కు ఇది చాలునా అనే సందేహము రావచ్చును. చైనాకు చెందిన హైనాన్ ద్వీపములో 2014లో వచ్చిన తుఫానుకు కొండచరియ విరిగి గిబ్బన్ల దారి తెగిపోగా, 2015లో అక్కడ త్రాళ్లు కట్టినారు. 176 రోజుల వరకు ఒక్క గిబ్బన్ కూడ వాని జోలికి పోలేదు. ఆ తరువాత ఒక్కొక్కటే ఒక త్రాటి మీద కాలు మోపి, పై త్రాటిని చేతితో పట్టుకొని నడువసాగినవి. ఆరు మాసముల అనుమానమును ఆ ప్రాణి తప్పు అనలేము. ఎముకలు విరిగేది దానివే గదా!

అడవి నరుకుట కంటె తొందరగా గిబ్బన్లను తగ్గించేది మరియొకటి కలదు. పిల్ల గిబ్బన్ ముఖము మనిషి పసిబిడ్డ ముఖము వలె ముద్దుగా ఉంటుంది. దానిని ఇంటిలో పెంచుకొనవలెనని కొందరికి ఉబలాటము. పిల్ల తల్లి పొట్టను కరచుకొని ఉంటుంది గనుక తల్లిని కాల్చి పడవేయనిదే పిల్ల చేతికి రాదు. ఎత్తైన చెట్టు మీద నుండి తల్లితో పాటు పడి పిల్లయు చచ్చుట కద్దు. అంగడికి చేరిన ప్రతి పిల్ల వెనుక అడవిలో ఎన్ని శవములున్నవో లెక్కకు రాదు. మలయా ద్వీపకల్పములో 2010 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము గిబ్బన్‌ను పట్టుట, పెంచుట నేరము. ఐనను ఫోనులలో గిబ్బన్ పిల్లకు చొక్కా తొడిగి పాలసీసా త్రాగించే వీడియోలు తిరుగుతున్నవి. వానిని చూచి మెచ్చుకొన్న వారిలో కొందరు కొనుగోలుదారులగుచున్నారు. ఇది మనకు దూరపు సంగతి అని అనుకొనరాదు. 2025 ఫిబ్రవరిలో ముంబయి విమానాశ్రయములో, మలేషియా మీదుగా వచ్చిన ఒక ప్రయాణికుని పెట్టెలో అయిదు సియామాంగ్‌లు దొరికినవి. వానిని కొనుటకు ఎవరో మన దేశములో ఎదురుచూస్తున్నారనియే గదా దాని అర్థము!

ముద్దుగా ఉన్న పిల్ల ఆరేండ్లకు పొడవైన కోరలు గల పెద్ద ప్రాణి అవుతుంది. అప్పుడు యజమాని భయపడి బోనులో పెడతాడు, లేదా అధికారులకు అప్పగిస్తాడు. మలేషియాలో మరియాని రామ్లీ అనే వనిత ప్రారంభించిన సంస్థ వంటివి ఇట్టి గిబ్బన్లను తీసుకొని అడవికి మరల అలవాటు చేయుటకు ప్రయత్నిస్తున్నవి. అది ఏండ్ల తరబడి సాగే పని. మనిషిని మరువవలెను, అడవి పండ్లను గుర్తించుట నేర్వవలెను, కొమ్మను నమ్ముట నేర్వవలెను, అన్నిటికి మించి ఒక జోడు కుదరవలెను. జోడు కుదరనిదే అడవిలో వదలుట లేదు. పుట్టిన నాటి నుండి తన జాతి పాటను ఒక్కసారియైన వినని ఆడ గిబ్బన్ కూడ, ఈడు వచ్చిన తరువాత, ఒకనాటి ప్రొద్దున బోనులోనే ఆ పాటను ఎత్తుకొనగలదు. శిఖరము వరకు తీసుకొని పోయి ఆపుతుంది. మగదాని ముక్తాయింపు రావలసిన చోట కొంతసేపు ఏ ధ్వనియు ఉండదు. తరువాత అది మరల మొదలుపెడుతుంది.